స్కూళ్లు కిక్కిరిసిన చోట ఎంపిక ప్రోగ్రాములను పెంచాలా? ఉత్తర వర్జీనియా తల్లిదండ్రులకు ఒక పోలిక

ఉత్తర వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ప్రభుత్వ పాఠశాలల్లో సుమారు 1,80,000 మంది పిల్లలు చదువుతున్నారు. కౌంటీ పడమటి భాగంలో, అంటే హెర్న్‌డన్, షాంటిలీ, సెంటర్‌విల్ ప్రాంతాల్లో, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడి స్కూళ్లలో కొన్ని తమ సామర్థ్యానికి మించిన పిల్లలతో, ఆవరణలో తెచ్చిపెట్టిన ట్రైలర్ గదులతో నడుస్తున్నాయి. ఇలాంటి స్థితిలో ఏఏపీ అని పిలిచే ప్రతిభావంతుల తరగతులను, టీజేగా అందరికీ తెలిసిన, సైన్స్, టెక్నాలజీకి పేరుపడ్డ థామస్ జెఫర్సన్ హైస్కూలు వంటి, ప్రతిభ చూసి పిల్లలను చేర్చుకునే ఎంపిక స్కూళ్లను విస్తరించాలా, లేక ఉన్న నిధులతో ముందుగా మామూలు స్కూళ్లలో చోటు కల్పించాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా, మన కుటుంబాల్లో ఎక్కువమంది ఇచ్చే సమాధానం ఒకటే: సీట్లు పెంచాలి. ఏ రకం సీట్లు, ఎవరి భవనంలో అన్న ప్రశ్న వేసుకోకుండా ఆ సమాధానం ఇవ్వడం మన పిల్లలకే నష్టం చేస్తుందని నేను భావిస్తున్నాను. విస్తరణకు పలు మార్గాలున్నాయి, ఇరుకు మీద వాటి ప్రభావం ఒకేలా ఉండదు.

ఈ తొందరకు కారణం అర్థం చేసుకోదగినదే. మన ఊళ్లలో సర్వేల్, తాడికొండ గురుకులాలకో నవోదయకో పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న తరం ఇప్పుడు ఇక్కడ తల్లిదండ్రుల స్థానంలో ఉంది. సీటు వస్తే జీవితం మారుతుందన్నది వారి అనుభవం. అయితే ఆ విద్యాసంస్థలు తమ భవనాన్ని, తమ హాస్టల్‌ను, తమ ఉపాధ్యాయులను వెంట తెచ్చుకున్నవి. నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు ఇచ్చినందువల్ల పక్క ఊరి హైస్కూల్లో ఒక్క గది కూడా తగ్గలేదు. ఫెయిర్‌ఫాక్స్‌లో ఏఏపీ సెంటర్ అన్నది విడిగా నిలిచే సంస్థ కాదు. అది ఏదో ఒక పేటలోని మామూలు ఎలిమెంటరీ స్కూలులో, ఆ పేట పిల్లల గదుల పక్కనే నడుస్తుంది. కాబట్టి అక్కడ సీట్లు పెరిగిన ప్రతిసారీ ఆ గదులు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్న తప్పదు.

ఇరుకును లెక్కగట్టే తీరు

భవనం కట్టినప్పుడు అందులో ఎంతమంది పడతారని అనుకున్నారో అది ఒక లెక్క. ఇప్పుడు ఆ గదులను దేనికి వాడుతున్నారన్న దాన్ని బట్టి ఎంతమంది పడతారన్నది మరో లెక్క. కౌంటీ ఏటా వెలువరించే భవన నిర్మాణ ప్రణాళికలో ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల గదిలో చాలా కొద్దిమందే కూర్చుంటారు. సంగీతానికి, కంప్యూటర్లకు, ఇంగ్లిష్ అదనపు బోధనకు కేటాయించిన గదులలో తరగతి లెక్కకు ఎవరూ రారు. అందువల్ల ఒకే కొలతతో కట్టిన రెండు భవనాల్లో ఒకటి నిండిపోయి, మరొకటి ఖాళీగా ఉన్నట్టు కనిపించవచ్చు. విస్తరణ గురించి ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చినా ముందుగా అడగవలసింది ఈ రెండో లెక్కనే, అది కూడా ఆ ప్రోగ్రాము చేరిన తర్వాత ఎలా మారుతుందన్నదే.

ఇంకో విషయం కూడా గమనించాలి. వర్జీనియా రాష్ట్ర నిబంధనల ప్రకారం ప్రతి కౌంటీ ప్రతిభావంతులైన పిల్లలను గుర్తించి, వారికి తగిన బోధన అందించి తీరాలి. కాబట్టి ఏఏపీని పూర్తిగా ఎత్తివేయడం అన్న మార్గం చట్టం దృష్ట్యానే లేదు. మిగిలిన ప్రశ్న ఆ బోధనను ఎక్కడ, ఏ రూపంలో అందించాలన్నదే.

సెంటర్ స్కూలు, సొంత స్కూలు

ఏఏపీలో నాలుగు స్థాయులున్నాయి. మొదటి మూడు స్థాయుల్లో పిల్లలు తమ స్కూల్లోనే ఉంటూ కొంత అదనపు పాఠ్యం పొందుతారు. నాలుగో స్థాయి మాత్రం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు పూర్తికాలం నడుస్తుంది. రెండో తరగతిలో ఆలోచనా సామర్థ్యాన్ని కొలిచే కాగ్యాట్ పరీక్ష, ఉపాధ్యాయుల పరిశీలన, పిల్లల రాతలు మొదలైనవి చూసి కేంద్ర కమిటీ అర్హత తేలుస్తుంది. ఈ స్థాయికి సీట్ల పరిమితి లేదు; అర్హత వచ్చిన ప్రతి ఒక్కరికీ చోటు ఇవ్వాలి. టీజేకూ దీనికీ ఉన్న ప్రధాన తేడా ఇదే. అర్హత పొందేవారి సంఖ్య పెరిగితే సెంటర్లు వాటంతట అవే పెరుగుతాయి, ఎవరూ ప్రత్యేకంగా విస్తరణ అని పేరు పెట్టనక్కర్లేదు.

సెంటర్ పద్ధతిలో చుట్టుపక్కల కొన్ని స్కూళ్ల పిల్లలు బస్సులో ఒకే స్కూలుకు వెళతారు. కౌంటీ మొత్తం మీద చూస్తే పిల్లల సంఖ్య మారదు, గదుల సంఖ్యా మారదు. మారేది బరువు పడే చోటు మాత్రమే. ఉదాహరణకు, నాలుగు స్కూళ్లలో ఒక్కో తరగతి నుంచి 15 మంది చొప్పున సెంటర్‌కు కదిలారనుకుందాం. మూడు నుంచి ఆరో తరగతి వరకు లెక్కిస్తే సెంటర్‌లో 240 మంది అదనంగా చేరతారు, అంటే సుమారు పది గదులు కావాలి. పంపిన స్కూళ్లలో మాత్రం ఒక్కో తరగతికి 15 మంది తగ్గినంత మాత్రాన నాలుగు సెక్షన్లు మూడు కావు. చాలా చోట్ల గది ఖాళీ అవదు, సెక్షన్ కాస్త పలచబడుతుంది అంతే. ఒక వైపు ట్రైలర్లు, మరో వైపు సగం నిండిన తరగతులు మిగులుతాయి. ఇది ఎవరి దురుద్దేశం వల్లా జరిగేది కాదు, పిల్లలను ఒక చోటికి చేర్చే ఏ పద్ధతిలోనైనా ఇలాగే జరుగుతుంది. దాని మీద బస్సుల ఖర్చు, పిల్లలు బస్సుల్లో గడిపే సమయం అదనం.

రెండో పద్ధతిని స్థానిక నాలుగో స్థాయి, లేదా లోకల్ లెవెల్ ఫోర్, అంటారు. అదే పాఠ్యక్రమాన్ని పిల్లవాడి సొంత స్కూల్లోనే ఒక తరగతిగా నడుపుతారు. ఇక్కడ గది సమస్య దాదాపు తలెత్తదు, ఎందుకంటే ఆ పిల్లలు ఎటూ ఆ భవనంలోనే ఉన్నారు. వచ్చే ఇబ్బంది వేరు: ఒక స్కూల్లో మూడో తరగతిలో అర్హత ఉన్నవారు ఎనిమిది మందే ఉంటే వారితో ఒక తరగతి నింపలేరు. అప్పుడు ప్రిన్సిపాల్ ఆ స్కూల్లో చదువులో ముందున్న ఇతర పిల్లలను ఆ గదిలో చేరుస్తారు. దీన్ని చూసి చాలామంది తల్లిదండ్రులు ఇది అసలైన ఏఏపీ కాదని, నీరుగార్చిన తరగతి అని అనుకుంటారు.

నా దృష్టిలో ఈ ఒక్క అపోహ తొలగితే చర్చ సగం తేలిపోతుంది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో ఫ్లోరిడాలోని ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌ను అధ్యయనం చేసి 2016లో ప్రచురించిన ఫలితాలు సరిగ్గా ఇలాంటి తరగతి గురించే. అక్కడ ఒక స్కూల్లో ఒక గ్రేడులో ప్రతిభావంతుడిగా గుర్తించిన పిల్లవాడు ఒక్కడున్నా ప్రత్యేక తరగతి పెట్టాలి. మిగిలిన సీట్లను అదే స్కూల్లో గత ఏడాది పరీక్షల్లో ముందున్న పిల్లలతో నింపాలి. అలా చేరిన పిల్లల్లో, ముఖ్యంగా నల్లజాతి, హిస్పానిక్ పిల్లల్లో, గణితం, చదవడం రెండింటిలోనూ గణనీయమైన మెరుగుదల కనిపించింది. ఆ తరగతిలో చేరని పిల్లలకు నష్టం జరిగినట్టు తేలలేదు. ఒక మంచి తరగతిని పిల్లలున్న చోటే పెట్టి, దాని తలుపు ఇంకొంచెం వెడల్పుగా తెరిస్తే ప్రయోజనం పొందేవారు పెరుగుతారని దీని అర్థం. దానికి కొత్త గదులు కూడా అక్కరలేదు.

అయితే స్థానిక తరగతికి నిజమైన లోపం లేదని చెప్పను. సెంటర్లో ఒకే గ్రేడుకు మూడు నాలుగు ఏఏపీ సెక్షన్లు ఉంటాయి కాబట్టి ఉపాధ్యాయులు కలసి పాఠాలు తయారు చేసుకుంటారు, ఒకరు సెలవు పెడితే మరొకరు ఆదుకుంటారు. సొంత స్కూల్లో ఒకే సెక్షన్ ఉంటే అంతా ఒక్క ఉపాధ్యాయురాలి మీద ఆధారపడుతుంది. ఆమెకు గిఫ్టెడ్ విద్యలో శిక్షణ ఉందా, ఆమె వెళ్లిపోతే ఎవరు వస్తారు అన్నవి కచ్చితంగా అడగవలసిన ప్రశ్నలు. పైగా మూడో తరగతి నుంచి ఆరో తరగతి వరకు అదే ఇరవై మంది పిల్లలు కలసి ఉండటం కొందరికి మేలు, కొందరికి ఇబ్బంది. కౌంటీ డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఈ ఉపాధ్యాయుల శిక్షణ మీద పెట్టడం, ట్రైలర్ల మీద పెట్టడం కంటే చాలా మేలు.

టీజేను పెంచడం, రెండో టీజే కట్టడం

1985లో మొదలైన టీజే ఒక్క ఫెయిర్‌ఫాక్స్‌ది కాదు. లౌడన్, ప్రిన్స్ విలియం, ఆర్లింగ్టన్ కౌంటీల నుంచి, ఫాల్స్ చర్చ్ నగరం నుంచి కూడా పిల్లలు వస్తారు, వారి కౌంటీలు ఫెయిర్‌ఫాక్స్‌కు ఫీజు చెల్లిస్తాయి. 2020 చివర్లో ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు ప్రవేశ పరీక్షను, దరఖాస్తు రుసుమును తీసివేసింది, ఏటా చేరేవారి సంఖ్యను సుమారు 480 నుంచి 550కి పెంచింది, ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూలుకు దాని ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతం సీట్లు కేటాయించింది. మారిన పద్ధతిలో తొలి బ్యాచ్‌లో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది. దీనిపై తల్లిదండ్రుల బృందం వేసిన దావాలో 2023లో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు బోర్డు పక్షాన తీర్పు చెప్పింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు. ఈ వివాదం మన కుటుంబాలను ఎంత బాధించిందో నాకు తెలుసు. కానీ సీట్లను ఎలా పంచాలన్న వాదం, సీట్లు ఎన్ని ఉండాలన్న వాదం వేర్వేరు. ఇక్కడ రెండోదే మన విషయం.

టీజే సీట్లు పెంచితే పడమటి హైస్కూళ్ల ఇరుకు తగ్గుతుందన్న వాదన వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే దాని బలం తెలుస్తుంది. ఏడాదికి 100 సీట్లు పెంచినా ఆ పిల్లలు అయిదు ప్రాంతాల నుంచి, అనేక హైస్కూళ్ల నుంచి వస్తారు. ఏ ఒక్క స్కూలు నుంచి తగ్గేవారైనా చాలా కొద్దిమందే, ఒక సెక్షన్ కూడా తగ్గదు. అటు టీజేలో మాత్రం నాలుగేళ్లలో 400 మంది పెరుగుతారు. అక్కడ సీనియర్ ఏడాదిలో ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన ల్యాబ్‌లో పని చేయాలి. కుర్చీలు వేయడం తేలిక. ఆ ల్యాబ్‌లు, వాటిని నడపగల ఉపాధ్యాయులు అంత త్వరగా రారు. అవి లేకుండా పెంచితే పేరు మిగులుతుంది, స్కూలు మిగలదు.

న్యూయార్క్ నగరం ఈ విషయంలో మనకు స్పష్టమైన ఉదాహరణ. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ స్కూళ్ల ప్రవేశ పరీక్షకు 1971 నాటి రాష్ట్ర చట్టం రక్షణ ఉంది. 2002లో నగరం సిటీ కాలేజీ, లీమన్ కాలేజీ, యార్క్ కాలేజీల ఆవరణల్లో మూడు చిన్న ఎంపిక హైస్కూళ్లను తెరిచింది. ఆ విస్తరణకు చోటు ఆ కాలేజీలను నడిపే విశ్వవిద్యాలయం ఇచ్చింది, పేటల్లోని స్కూళ్ల నుంచి గదులు లాక్కోలేదు. దీనికి భిన్నంగా 2022లో రాష్ట్రం తరగతి పరిమాణంపై కొత్త చట్టం తెచ్చి, హైస్కూల్ తరగతిలో 25 మందికి మించకూడదని, 2028 నాటికి నగరమంతా అమలు కావాలని నిర్దేశించింది. అప్పటిదాకా 34 మంది వరకు కూర్చున్న గదులవి. 100 గదుల్లో 3,400 మందికి బదులు 2,500 మందే పడతారు. అంటే దాదాపు ఆరు వేల మంది చదివే బ్రూక్లిన్ టెక్ వంటి కిక్కిరిసిన ఎంపిక స్కూలు ఈ చట్టాన్ని పాటించాలంటే సీట్లు తగ్గించుకోవాలి, లేదా కొత్త భవనం వెతుక్కోవాలి. అదే ఏడాది నగరం మూడో తరగతిలో గిఫ్టెడ్ సీట్లు వెయ్యి పెంచింది. గదుల లెక్క లేకుండా సీట్ల మాట ఇవ్వడం ఎంత ప్రమాదమో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఎంపిక హైస్కూలు వల్ల పిల్లలకు ఎంత లాభం అన్న ప్రశ్నకూ కొంత జవాబుంది. 2021లో నోబెల్ అందుకున్న జాషువా ఆంగ్రిస్ట్ మరో ఇద్దరితో కలసి బాస్టన్, న్యూయార్క్‌లలో ప్రవేశ పరీక్షతో చేర్చుకునే స్కూళ్లపై 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కటాఫ్‌కు కొద్దిగా పైన ఉండి సీటు పొందినవారికీ, కొద్దిగా కింద ఉండి పోగొట్టుకున్నవారికీ తర్వాతి పరీక్షల మార్కుల్లో పెద్ద తేడా కనిపించలేదు. ఇది సగటు పిల్లల గురించి కాదు, సరిహద్దు దగ్గరి పిల్లల గురించి మాత్రమే చెబుతుంది. అయితే సీట్లు పెంచినప్పుడు కొత్తగా లోపలికి వచ్చేది సరిగ్గా ఆ సరిహద్దు పిల్లలే. రెండో టీజే కోసం ఉద్యమించే ముందు ఈ ఒక్క ఫలితాన్ని తల్లిదండ్రులు నిదానంగా ఆలోచించాలని కోరుతున్నాను.

లౌడన్ చూపిన మూడో దారి

పక్కనున్న లౌడన్ కౌంటీలో, యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, ఆల్డీ వైపు, ఇళ్లు పెరిగిన వేగాన్ని స్కూళ్లు అందుకోలేక బౌండరీలు, అంటే ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకు వెళ్లాలో తేల్చే హద్దులు, మళ్లీ మళ్లీ మారిన సంగతి అక్కడున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ కౌంటీ 2018లో లీస్‌బర్గ్ వద్ద అకాడమీస్ ఆఫ్ లౌడన్ తెరిచింది. సైన్స్ అకాడమీ, ఇంజినీరింగ్ అకాడమీ, వృత్తి సాంకేతిక విద్యను నేర్పే మన్రో అకాడమీ మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. పిల్లలు రోజు విడిచి రోజు అక్కడికి వెళ్లి, మిగిలిన రోజుల్లో తమ హైస్కూల్లోనే చదువుతారు.

ఇరుకు కోణంలో ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. ఒకే ల్యాబ్‌ను ఒక రోజు ఒక బృందం, మరునాడు మరో బృందం వాడుతుంది కాబట్టి ఖరీదైన గదులు రెట్టింపు మందికి పనికివస్తాయి. పిల్లవాడు తన హైస్కూలుతో, అక్కడి బ్యాండ్‌తో, ఆటలతో, స్నేహితులతో సంబంధం తెంచుకోడు. ఆ హైస్కూలు కూడా తన చురుకైన పిల్లలను పూర్తిగా కోల్పోదు. వెల్డింగ్ నేర్చుకునేవాడు, జన్యుశాస్త్రం చదివేవాడు ఒకే చోట తిరగడం కూడా మంచిదే. ఇబ్బందులూ ఉన్నాయి: బస్సుల్లో చాలా సమయం పోతుంది, రెండు చోట్ల టైమ్‌టేబుల్ కుదరక కొన్ని సబ్జెక్టులు దొరకవు, రెండు స్కూళ్లలో దేనికీ పూర్తిగా చెందని భావం కొందరు పిల్లలను బాధిస్తుంది. అయినా హైస్కూల్ స్థాయిలో విస్తరణ కావాలంటే ఫెయిర్‌ఫాక్స్ అనుసరించవలసింది రెండో టీజేను కాదు, ఈ నమూనానే అని నా అభిప్రాయం.

హెర్న్‌డన్ దగ్గరి కొత్త భవనం

2025లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ హెర్న్‌డన్ సమీపంలోని కింగ్ అబ్దుల్లా అకాడమీ ఆవరణను 15 కోట్ల డాలర్లకు కొన్నది. దశాబ్దాలుగా కోరుతున్న పడమటి హైస్కూలుకు అలా చోటు దొరికింది. దాన్ని చుట్టుపక్కల పిల్లల మామూలు హైస్కూలుగా నడపాలా, విమానయానం, సాంకేతికత వంటి విషయాలపై మ్యాగ్నెట్‌గా, అంటే కౌంటీలో ఎక్కడి పిల్లలైనా దరఖాస్తు చేసుకోగల ప్రత్యేక స్కూలుగా, నడపాలా అన్న చర్చ వెంటనే వచ్చింది. ఇలాంటి సందర్భంలో నా సలహా సూటిగా ఉంటుంది: చుట్టూ ఉన్న హైస్కూళ్లు నిండిపోయి ఉన్నప్పుడు దొరికిన భవనాన్ని ముందుగా బౌండరీ స్కూలుగానే నడపాలి. మ్యాగ్నెట్ కౌంటీ నలుమూలల నుంచి పిల్లలను తెస్తుంది. పక్కవీధి పిల్లవాడు పాత స్కూల్లో ఇరుకులోనే ఉండిపోతాడు. ప్రత్యేక కోర్సులను ఆ బౌండరీ స్కూల్లోనే పెట్టి, చోటు మిగిలితే బయటివారికి ఇవ్వడం వేరే సంగతి, దానికి అభ్యంతరం లేదు. ఇదే ప్రశ్నను ఖాళీ గదులున్న ప్రాంతంలో వేస్తే నా జవాబు తిరగబడుతుంది: నిండని స్కూల్లో మ్యాగ్నెట్ పెట్టడం ఆ స్కూలుకూ, దూరాన ఉన్న ఇరుకు స్కూళ్లకూ ఒకేసారి మేలు చేస్తుంది.

బౌండరీ మారితే ఇంటి విలువ ఏమవుతుందన్న భయం ఈ చర్చల్లో బయటకు చెప్పకపోయినా అందరి మనసులోనూ ఉంటుంది. అది న్యాయమైన భయమే. కానీ దాన్ని ప్రతిభ గురించిన వాదనగా మార్చి బోర్డు ముందు మాట్లాడితే వినేవారికి తెలిసిపోతుంది, మన మాటకు విలువ తగ్గుతుంది.

అర్హత వచ్చిన ఇంట్లో తీసుకోవలసిన నిర్ణయం

బోర్డు ఏం చేసినా, ఈ ఏడాది మీ పిల్లవాడికి నాలుగో స్థాయి అర్హత వచ్చి ఉంటే సెంటరా, సొంత స్కూలా అన్నది మీరే తేల్చుకోవాలి. సొంత స్కూల్లో స్థానిక తరగతి ఉండి, ఉపాధ్యాయులు స్థిరంగా ఉండి, పిల్లవాడు అక్కడ సంతోషంగా ఉంటే కదిలించవలసిన అవసరం నాకు కనిపించదు. స్థానిక తరగతి పేరుకు మాత్రమే ఉంటే, అంటే అన్ని సబ్జెక్టుల్లో కాకుండా గణితంలో మాత్రమే వేరు చేస్తుంటే, లేదా పిల్లవాడు తరగతిలో తనలాంటి ఆసక్తి ఉన్న తోడు లేక ముడుచుకుపోతుంటే, సెంటర్ మేలు. ఏ స్కూల్లో ట్రైలర్లు ఉన్నాయో, భోజన విరామం ఎన్ని గంటలకు పెడుతున్నారో స్వయంగా వెళ్లి చూడండి. ఉదయం పదిన్నరకే కొన్ని తరగతులు భోజనానికి వెళుతుంటే ఆ భవనం ఎంత నిండిందో వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి వచ్చిన అర్హత ఎనిమిదో తరగతి వరకు చెల్లుతుంది కాబట్టి మూడో తరగతిలోనే వెళ్లకపోతే అంతా అయిపోయిందన్న ఆందోళన అక్కరలేదు.

మిడిల్ స్కూల్ దగ్గర లెక్క మారుతుంది. టీజేకు కేటాయించే 1.5 శాతం పిల్లవాడు చదువుతున్న మిడిల్ స్కూలు ఆధారంగా ఉంటుంది. హెర్న్‌డన్‌లోని రేచల్ కార్సన్ వంటి సెంటర్ మిడిల్ స్కూల్లో దరఖాస్తు చేసే బలమైన పిల్లలు చాలామంది ఉంటారు, అక్కడ ఆ కోటాకు పోటీ ఎక్కువ. సొంత మిడిల్ స్కూల్లో తగిన స్థాయి గణితం, సైన్స్ దొరుకుతుంటే అక్కడే ఉండటం పిల్లవాడికి చదువులోనూ, అవకాశంలోనూ నష్టం కాదు. కేవలం కోటా కోసం పిల్లవాడిని బలహీనమైన కోర్సులున్న చోట ఉంచడం మాత్రం సరికాదు, ఎందుకంటే సీటు రాకపోతే ఆ రెండేళ్లూ తిరిగి రావు.

బోర్డు సమావేశంలో మాట్లాడే అవకాశం వస్తే, సీట్లు పెంచండి అన్న ఒక్క మాటతో ఆపకుండా మూడు విషయాలు అడగండి: ప్రతి ఎలిమెంటరీ స్కూల్లో పూర్తి స్థాయి స్థానిక తరగతి ఏ ఏడాదికి వస్తుంది, దానికి ఎంతమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తారు, సెంటర్‌గా ఉన్న స్కూళ్లలో ఆ పేట పిల్లలకు దానివల్ల ఎన్ని గదులు తిరిగి దక్కుతాయి. భవన నిర్మాణ ప్రణాళికపై చర్చ శీతాకాలంలోనే జరుగుతుంది, బడ్జెట్ మాత్రం మే నెలలో ఖరారవుతుంది. ట్రైలర్లు కనిపించే ఆగస్టులో అడిగితే, ఆ ఏడాదికి నిర్ణయాలు అప్పటికే అయిపోయి ఉంటాయి.